మీననేత్రము మనకేల?

మన ఉన్నత పాఠశాలకు ఈ సంవత్సరము ఒక విచిత్రమైన కానుక అందినది. పూర్వవిద్యార్థి యొకడు, తన పేరు ప్రకటింపవలదని కోరుచు, ఒక పాత జపాను కటకమును, దానితోపాటు వాడిన డిజిటల్ కెమెరా నొకదానిని పెట్టెలో భద్రపరచి పంపినాడు. కటకము అరచేతిలో ఇముడును. బరువు పావు కిలోకు మించదు. ముందరి గాజు మాత్రము నీటిబుడగవలె పొంగియుండును. అసాహి సంస్థవారు తమ పెంటాక్స్ కెమెరాల కొరకు 1960 దశకపు చివరి సంవత్సరములలో వెలువరించిన 'ఫిష్ ఐ టకుమార్' అను కటకమిది. నాభ్యంతరము 17 మిల్లీమీటర్లు. చిత్రము యొక్క ఒక మూలనుండి ఎదుటి మూలకు కొలిచినచో 180 డిగ్రీల దృశ్యమును పట్టును. అనగా ఈ మూలన తూర్పు దిక్కు పడినచో, ఆ మూలన పడమర పడవలసినదే.

దీనిని ఏమి చేయవలెనను విషయమై ఉపాధ్యాయుల గదిలో కొన్ని దినములు చర్చ జరిగినది. అమ్మివేసి ఆ ధనముతో గ్రంథాలయమునకు నిఘంటువులు కొనవలెనని ఒక మిత్రుని సూచన. వార్షికోత్సవమునాడు పిల్లల ముఖములను గుమ్మడికాయలవలె ఉబ్బించి తీసి, అందరిని నవ్వించుటకు పనికివచ్చునని మరియొకరి అభిప్రాయము. మూడవ వారి ఆక్షేపణ గంభీరమైనది. నిటారుగా నున్న స్తంభమును విల్లువలె వంచి చూపు యంత్రమును పిల్లల చేతికిచ్చుట, వారికి అసత్యమును నేర్పుటయే యగునని వారు వాదించిరి. నిఘంటువులు కావలెనని నేనును ఒప్పుకొందును. తెలుగు పండితుడు నిఘంటువు వలదని ఎట్లనును? అయినను ఈ కటకమును అమ్మరాదనియు, ఆటవస్తువుగా చేయరాదనియు, దీనిని అసత్యయంత్ర మనుట అంతకంటె తగదనియు నా దృఢమైన అభిప్రాయము.

ముందు పేరును గూర్చి రెండు మాటలు. మీనాక్షి యన్నప్పుడు చేపవంటి ఆకారముగల కన్నులు కలదని మనము అర్థము చెప్పుకొందుము. ఈ కటకమునకు ఆ సౌందర్యముతో సంబంధము లేదు. ఇది చేప కన్నువలె కనబడునది కాదు, చేప చూచునట్లు చూచునది. అందుచే 'మీననేత్ర కటకము' అనుట నాకు ఉచితముగా తోచుచున్నది. ఇంకొక వింత. పొరుగు రాష్ట్రమున నేను పండిత శిక్షణ పొందిన కాలమున, అచ్చటి విజ్ఞానశాస్త్ర పుస్తకములలో దీనికి 'కటకము' అను పదమే ఉండెడిది. మన కన్నడ సోదరుల పుస్తకములలో 'మసూర' అని యుండును. మసూరమనగా ఎఱ్ఱ కందిపప్పు వంటి పప్పుదినుసు. ఆంగ్లేయులు వాడు 'లెన్స్' అను మాటకును లాటిను భాషలో ఆ పప్పే మూలము. రెండు ప్రక్కల ఉబ్బిన ఆ గింజ రూపమును బట్టి పేరు వచ్చినది. మన కటకమునకు కడియమని యర్థము; కడియమను మాటయే దానినుండి పుట్టినది. పంపిన కెమెరాకు ఈ కటకము నేరుగా అమరదు. 42 మిల్లీమీటర్ల మరచుట్టు గల ఒక లోహపు వలయమును నడుమ బిగింపవలెను. కటకమునకు కడియము తొడిగితిమని పదవ తరగతి బాలిక యొకతె అన్నది. ఆమెకు వ్యుత్పత్తి తెలియదు, అయినను సరిగానే అన్నది.

చేప ఎట్లు చూచును? మన పల్లెలలో బావిలో ఈత నేర్చిన పెద్దలకు ఇది అనుభవములో నున్న సంగతియే. నీటిలో మునిగి, కన్నులు తెరచి, నిట్టనిలువుగా పైకి చూచినచో నీటి ఉపరితలమంతయు వెలుగుచు కనబడదు. నడినెత్తిన ఒక గుండ్రని వెలుగు కిటికీ మాత్రమే కానవచ్చును. దాని వెలుపల అంతయు నీడ, బావి అడుగు ప్రతిబింబము. ఆ కిటికీ కోణము సుమారు 97 డిగ్రీలు. నీటిలోనికి వచ్చునప్పుడు కాంతికిరణము వంగుటచే, ఆకాశము మొత్తము, క్షితిజము మొదలుకొని క్షితిజము వరకు, ఆ కిటికీలోనే ఇరుకుకొని యుండును. బావిగట్టుపై నిలిచినవారు ఆ వృత్తపు అంచున, కురచలై, లోపలికి వంగి చూచుచున్నట్లు అగపడుదురు.

అమెరికాలో రాబర్ట్ వుడ్ అను భౌతికశాస్త్రవేత్తకు ఇది ఛాయాచిత్రముగా చూడవలెనని కోరిక కలిగినది. 1906లో ఆయన ఒక నీటిబొక్కెనను కెమెరాగా మార్చినాడు. అడుగున ఛాయాఫలకము, దానిపై సూదిబెజ్జము, నిండుగా నీరు. చుట్టును నిలిచిన మనుష్యులు చేపకు ఎట్లు కనబడుదురో ఆ చిత్రము చూపినది. 'చేపకన్ను' అను పేరు ఆయన పెట్టినదే. అటుపై 1924లో ఇంగ్లండునందు రాబిన్ హిల్ అను యువకుడు నీటి అక్కరలేకుండ గాజుతోనే ఆకాశమంతటిని ఒక్క పలకపై పట్టు కటకమును నిర్మించెను. మేఘములను లెక్కించి కొలుచుటకు అది ఉద్దేశింపబడినది. కిరణజన్య సంయోగక్రియను చదువు విద్యార్థులకు 'హిల్ చర్య' అను పేరు తెలిసియుండును. ఆ హిల్ ఈతడే. ఆకులలోని రహస్యమును వెలికితీసినవాడే మేఘముల కొరకు ఈ కన్నును చేసినాడు. 1959లో ఇవాన్స్, కూంబ్ అను వృక్షశాస్త్రజ్ఞులు అట్టి కెమెరానే అడవిలో నేలపై పెట్టి, పైకి త్రిప్పి, చెట్లకొమ్మల నడుమనుండి ఎంత వెలుతురు దిగుచున్నదో లెక్కించిరి. జపానులో నిప్పాన్ కొగాకు వారు 1938 నుండి ఈ జాతి కటకములను చేయుచు, 1962లో సామాన్య ఛాయాగ్రాహకుని కెమెరాకు తగిలింపదగిన దానిని వెలువరించిరి. 1970లో వారు ప్రదర్శించిన మరియొకటి 220 డిగ్రీలు చూచును, అనగా తన వెనుక కొంత భాగమును గూడ. దాని బరువు ఐదు కిలోలకు పైమాట! మనకు వచ్చినది అటువంటి భీమకాయము కాదు. సంచిలో వేసికొని సైకిలుపై పల్లెకు పోవచ్చును. నా దృష్టిలో దాని గొప్ప గుణము ఇదియే.

ఇక అసత్యారోపణ. దీనికి సమాధానము చెప్పక ముందుకు సాగరాదు.

సామాన్య కటకము సరళరేఖను సరళరేఖగానే చూపునన్న మాట నిజము. అయితే దానికొక మూల్యము కలదు. పదవ తరగతి త్రికోణమితి పుస్తకమును తెరువుడు. చిత్రమధ్యమునుండి ఒక బిందువు ఎంత దూరమున పడునో సామాన్య కటకము కోణముయొక్క టాంజెంటును బట్టి నిర్ణయించును. 30 డిగ్రీల దూరమున నున్న వస్తువు ఒక అంగుళము అవతల పడినచో, 60 డిగ్రీలవద్ద నున్నది మూడంగుళముల అవతల పడును. కోణము రెట్టింపైనది, దూరము మూడింతలైనది. 80 డిగ్రీలకు దాదాపు పది అంగుళములు కావలెను. 90 డిగ్రీలకు ఎంత పెద్ద కాగితమైనను చాలదు, ఏలయన అచ్చట టాంజెంటు అనంతము. కావున సామాన్య కటకము అంచులను సాగదీయును, ఆ పిమ్మట కత్తిరించివేయును. పెండ్లి సమూహచిత్రములో చివర నిలిచిన మేనమామ ముఖము ప్రక్కకు సాగియుండుట చూచియే యుందురు. ఆ సాగుడును మనమెవ్వరము అసత్యమనము, అలవాటైపోయినది గనుక.

మీననేత్రము టాంజెంటును విడిచి కోణమునకు విధేయమై యుండును. 30 డిగ్రీలకు ఒక అంగుళమైనచో 60కి రెండు, 90కి మూడు. ఇది శుద్ధమైన లెక్క. ఒక్కొక్క తయారీదారు దీనిని కొంత సవరించుకొనును. ఇట్లు చేయుటచే అర్ధగోళమంతయు కాగితముపై ఇముడును. దానికి బదులుగా, మధ్యబిందువు గుండా పోవు రేఖలు తప్ప తక్కినవన్నియు వంగును. గోళమును చదునుచేయు ఎవ్వరికిని ఈ చిక్కు తప్పదు. మన తరగతిగోడపై వ్రేలాడు ప్రపంచపటమునే చూడుడు. మెర్కేటర్ పద్ధతిని గీసిన పటమైనచో గ్రీన్‌లాండు దీవి ఆఫ్రికా ఖండముతో పోటీపడుచున్నట్లుండును. వాస్తవమునకు ఆఫ్రికా దానికి పదునాలుగింతలు పెద్దది. అయినను ఓడలు నడుపువారికి ఆ పటము దిక్కులను సరిగా చూపును. భూగోళము బోధించు మా మిత్రుడు ఆ పటమును గోడనుండి తీసివేయలేదు. ఏది చెడినది, ఏది నిలిచినది అని పిల్లలకు చెప్పి వాడుచున్నాడు. ఈ కటకమును గూడ అట్లే వాడుదము. కోణము నిలిచినది, రేఖ వంగినది.

దీనిని వాడరాని చోట్లు కలవు. మొదటిది, మనుష్యుల ముఖములు. దగ్గరగా పెట్టి తీసినచో ముక్కు పెరిగి చెవులు వెనుకకు పోవును. పెద్దలను, ముసలివారిని అట్లు తీసి నవ్వుట మర్యాద గాదు. వారి అనుమతి గొని తీసినను, వారు ఊహించిన చిత్రము అది కాదుగదా! రెండవది, శాసనములు. రైస్ దొర 1905లో ప్రకటించిన కోలారు మండల శాసన సంపుటమున బాగేపల్లి, చింతామణి తాలూకాల తెలుగు శాసనములు చోటు చేసికొన్నవి. వానిలోని అక్షరములను చదువుటకు చిత్రము కావలెనన్నచో సామాన్య కటకమే శరణ్యము. మీననేత్రముతో తీసినచో చివరి పంక్తులు విల్లులై, సున్నకును అరసున్నకును భేదము తెలియకపోవును.

అయితే శాసనమునకు అక్షరములతోపాటు స్థలము గూడ కలదు. ఆ రాయి ఏ పొలముగట్టున, ఏ దేవళమునకు ఏ దిక్కున, ఏ చెరువుతూము ప్రక్కన నిలిచియున్నదో అదియును చరిత్రయే. దానము ఇచ్చిన భూమి ఎదుటనే రాయి పాతుట పూర్వుల ఆచారము. నేడు రాయిని పొలమునుండి తీసి దేవాలయ ప్రాకారములో చేర్చిన చోట్లు కలవు, బట్టలుతుకు బండగా మారిన చోట్లును కలవు. అక్షరములు కాగితమున మిగిలినను, చోటు పోయినచో తిరిగి రాదు. రాతికి మూరెడు దూరమున ఈ కటకమును నిలిపి ఒక్క చిత్రము తీసినచో, రాయి నడుమ నుండును, దాని చుట్టును పొలము, గట్టు, కొండ, బాట, వేపచెట్టు, ఊరి కప్పులు అన్నియు ఒక్క దృష్టిలో నిలిచిపోవును. ఈ కటకము 20 సెంటీమీటర్ల దగ్గరివరకు స్పష్టముగా చూడగలదు గాన ఇది సాధ్యము. మనవి రెండు చిత్రములు కావలెను: అక్షరములకొకటి, చోటునకొకటి. తెలుగు శాసనము కన్నడనాట నిలిచియున్నదన్న విషయమును వాదములతో గాక ఇట్టి చిత్రములతో చూపుట నాకిష్టము. ఎవరి మనస్సును నొవ్వదు, ఎవరును కాదనలేరు.

మన పరగోడు వద్ద చిత్రావతిపై కట్టిన ఆనకట్టను తీసికొందము. నదికి సరిహద్దు తెలియదు. ఇచ్చట ఆగిన నీటిని గూర్చి అచ్చటివారు ఆవేదన చెందుట సహజము, ఇచ్చటివారు మా దప్పిక మాట యేమనుటయు సహజము. ఈ విషయమై ఒకప్పుడు రెండు రాష్ట్రముల నడుమ పెద్ద వాదమే నడచినది. సామాన్య కెమెరాతో పోయినవాడు కట్టపై నిలిచి ఎగువకు తిరిగినచో నీరు కనబడును, దిగువకు తిరిగినచో ఇసుక కనబడును. ఏ చిత్రమును అబద్ధము కాదు. అయినను ఏ వైపువారు ఏ చిత్రమును ఎన్నుకొందురో మీకు చెప్పవలసిన పనిలేదు. మీననేత్రమును కట్ట చివర, కట్ట పొడవునకు ఎదురుగా పెట్టి తీయుడు. కట్ట నడిమిగీతవలె నిలుచును, ఒక ప్రక్క ఎగువ, ఒక ప్రక్క దిగువ, రెండును ఒకే కాగితమున, ఒకే క్షణమున. ఏడాదికి నాలుగుమార్లు, అదే చోట, అదే గంటకు తీసి వరుసగా అంటించినచో, రెండు భాషలలోను ఉపన్యాసములు విన్నదానికంటె ఎక్కువ తెలియును. రెండు వైపుల చుట్టములున్న మన పిల్లలకంటె ఈ పనికి తగినవారెవరు?

బావుల సంగతి యింతకంటె తొందరగలది. మన తాలూకాలో రాతితో కట్టిన దిగుడుబావులు ఎన్ని యున్నవో తాతలకు తెలియును. గొట్టపుబావులు వచ్చిన పిమ్మట వానిలో పెక్కు ఎండినవి, కొన్ని చెత్తకుండీలైనవి, కొన్ని పూడ్చబడినవి. బావిని గట్టుపైనుండి తీసిన చిత్రము చీకటి గుంతను చూపును. క్రింది మెట్టుపై కెమెరాను వెల్లకిల పెట్టి తీసినచో నాలుగు ప్రక్కల రాతివరుసలు, మోట వేసిన చోటి రాతిదూలములు, మెట్లు, నడుమ ఆకాశపు చదరము, అన్నియు పూవు విచ్చినట్లు కనబడును. రాళ్లు పేర్చినవాని నేర్పు అప్పుడు గాని తెలియదు. ఇచ్చట గోడలు వంగుట లోపము కాదు, ఏలయన బావిలో నిలిచినవానికి గోడలు తనను చుట్టుకొన్నట్లే తోచును. పెద్దల తోడు లేక పిల్లలు పాడుబావులలోనికి దిగరాదు. ఈ మాట మూడుమార్లు చదువవలెను.

లేపాక్షి మనకు పొరుగుననే యున్నది. పదునారవ శతాబ్దిలో, అచ్యుతదేవరాయల కాలమున, విరుపణ్ణ కట్టించిన వీరభద్రాలయపు మండపములలో పైకప్పునిండ వర్ణచిత్రములున్నవి. విహారయాత్రకు పోయినపుడు మనమందరము మెడ నొప్పి పుట్టునట్లు చూచి, వ్రేలాడు స్తంభము క్రింద రుమాలు దూర్చి, ఇంటికి వచ్చుచుందుము. పుస్తకములలో అచ్చగు చిత్రములు ముక్కలు ముక్కలు. ఒకచోట వీరభద్రుడు, ఒకచోట వరాహము, ఒకచోట చీరలయంచులు. ఏ ముక్క దేని ప్రక్కన నున్నదో, స్తంభముల నడుమ నడచువానికి ఏది ముందు కనబడునో ఆ ముక్కలనుండి తెలియదు. వెనుకకు జరిగి తీయుటకు స్తంభములు అడ్డము. మీననేత్రమును నేలపై మడతపెట్టిన తువ్వాలుమీద వెల్లకిల నుంచి, పది సెకనుల గడువు పెట్టి, తాను స్తంభము వెనుకకు తప్పుకొన్నచో కప్పంతయు ఒకేసారి పడును. తప్పుకొనుట మరువరాదు, ఈ కన్నునకు ప్రక్కన కూర్చుండినవాడు గూడ కనబడును. వర్ణములకు హాని గనుక మెఱపుదీపము వాడరాదు. త్రిపాది కావలెనన్నచో పురావస్తు శాఖవారి అనుమతి పొందవలెను. తువ్వాలుకు అనుమతి అక్కరలేదు.

ఆకాశమును గూర్చియు ఒక మాట. బాగేపల్లి భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు 13.8 డిగ్రీల దూరమున నున్నది. ఏప్రిల్ చివరి వారమున ఒకనాడు, ఆగస్టు నడుమ ఒకనాడు, మధ్యాహ్నమున సూర్యుడు సరిగా మన నడినెత్తిన నిలుచును. నిటారుగా నిలిపిన కఱ్ఱకు నీడ పడదు. డిసెంబరు చివర అదే వేళకు నడినెత్తికి 37 డిగ్రీల దక్షిణముగా నుండును. జూన్ చివర దాదాపు పది డిగ్రీలు ఉత్తరముగా నుండును. పాఠశాల ఆవరణలో ఒకే రాతిపై కెమెరాను పైకి త్రిప్పి ఆ దినములలో తీసిన చిత్రములను ప్రక్కప్రక్కన పెట్టినచో, ఉత్తరాయణ దక్షిణాయనములను పలకపై గీసి చూపవలసిన శ్రమ ఉపాధ్యాయునకు తప్పును. పైకి చూచు చిత్రమున ఉత్తరము ఎగువనున్నపుడు తూర్పు ఎడమవైపునకు వచ్చును, పటమునకు తారుమారుగా. ఇది పిల్లలే కనుగొనవలసిన వింత. కెమెరా గుండా సూర్యుని కంటితో చూడరాదు. తెరపైననే చూడవలెను, అదియును కొలది క్షణములు.

వాడుకకు సంబంధించిన కొన్ని సంగతులు చెప్పవలసియున్నది. క్షితిజరేఖ చిత్రమధ్యమున పడినచో తిన్నగా నుండును. మధ్యమునకు పైన పడినచో కొండవలె ఉబ్బును, క్రింద పడినచో గిన్నెవలె దిగును. కావున వంపు వలదనుకొన్నవాడు కెమెరాను సమమట్టముగా పట్టవలెను. కాంతిద్వారమును ఎఫ్/8కి కుదించి, దూరమును ఒక మీటరు ఇరువది సెంటీమీటర్లకు నిలిపినచో, అరవై సెంటీమీటర్ల నుండి కొండలవరకు అంతయు స్పష్టమే. మరల త్రిప్పవలసిన పనిలేదు. ముందరి గాజు ఉబ్బియుండుటచే దానిపై రంగుగాజు బిగింప వీలులేదు. ఆ కారణముననే తయారీదారులు పసుపు, నారింజ గాజులను లోపలనే అమర్చిరి. నలుపుతెలుపు చిత్రములలో నీలాకాశమును చీకటిచేసి మబ్బులను తేల్చుటకు అవి పనికివచ్చును. తీయునప్పుడు తన వ్రేళ్లు, పాదములు, నీడ పడుచున్నవేమో మొదట చూచుకొనవలెను. అన్నింటికంటె ముఖ్యము, దగ్గరకు పోవుట. దూరమునుండి తీసినచో కొండయైనను చింతగింజయంత యగును. గుమ్మనాయకనపాళ్యపు కోటను క్రింది బాటనుండి ఈ కటకముతో తీసి, కోట కనబడలేదని కటకమును నిందింపరాదు. ఎక్కి, గోడకు ఆనుకొని తీయవలెను.

అమ్ముట యన్న సూచనకు మరల వత్తును. నిఘంటువులను అడిగినచో ఇచ్చు దాతలు కలరు. గ్రంథాలయ నిధులు ఎంత స్వల్పమైనను కలవు. ఇట్టి కటకము మరల మన బడికి రాదు. మన తరగతులలో ఏటేట బల్లలు ఖాళీయగుచున్న మాట దాచవలసినది కాదు. తెలుగున చదివి ఏమగుదురని అడుగు తలిదండ్రులకు నేను ఇచ్చు సమాధానములు నాకే చాలినట్లుండవు. తెలుగు మాధ్యమపు పిల్లలు భూగోళమును, త్రికోణమితిని, శాసనములను, నీటి లెక్కలను తమ మాటలలోనే చెప్పుకొనుచు, ఒక పనిని చేతులతో చేసి చూపిరన్నచో అదియొక సమాధానము. బెంగుళూరునుండి కెమెరాలు ధరించి వచ్చువారు నంది కొండకో లేపాక్షికో పోవుచు మన ఊరి బాటన ఆగరు. కర్ణాటక పటమున మనము అంచున నున్నాము, ఆంధ్ర పటమున అసలే లేము. మనలను తీయవలసినది మనమే.

అందుచే నా ప్రతిపాదన యిది. కటకము పాఠశాలయందే యుండవలెను. తొమ్మిదవ తరగతినుండి ఆరుగురు, బాలురు ముగ్గురు, బాలికలు ముగ్గురు, ఒక సంవత్సరము దాని బాధ్యత వహింపవలెను. ప్రతి చిత్రమునకు ఒక దస్త్రమున చోటు, దిక్కు, తేది, గంట, తీసినవారి పేరు తెలుగునను కన్నడమునను వ్రాయవలెను. ఆ వ్రాత లేని చిత్రమును ఎంత అందముగా నున్నను చేర్చరాదు. వార్షికోత్సవమునాడు గుమ్మడికాయ ముఖముల కొరకు ఒక అరగంట ఇచ్చుటకు నాకు అభ్యంతరము లేదు, ఉపాధ్యాయుల ముఖములు ముందుగా తీయు నియమముపై.

పెట్టె ప్రస్తుతము గ్రంథాలయపు బీరువా పై అరలో నున్నది. పాత గాజునకు తేమ శత్రువు. వానకాలమున లోపల బూజు సాలెగూడువలె అల్లుకొన్నచో వదలించుట కష్టము. వారమున కొకమారు మూత తీసి, గాలియు వెలుతురును తగులు చోట కొంతసేపు ఉంచి, దీపపు వెలుగున లోపలి గాజులను పరీక్షించి మరల పెట్టువారు కావలెను. ఆసక్తిగల తొమ్మిదవ తరగతివారు సోమవారములోగా తమ పేర్లను నాకు ఇవ్వవచ్చును. మొదటి చిత్రము మన బడి ఆవరణలోని చింతచెట్టు క్రిందినుండి, పైకి.